బోలు ఎముకల వ్యాధికి మందు ఎంపిక: ఖర్చు, బీమా, కొనసాగింపు

బోలు ఎముకల వ్యాధికి మందు రాయించుకున్నవారికి రెండు రకాల అనుభవాలు ఎదురవుతాయి. ఒకరికి నెల ఖర్చు మామూలు రక్తపోటు మాత్రల ఖర్చును మించదు. మరొకరికి అదే జబ్బుకు రాసిన ఇంజెక్షన్ ధర వినగానే అసలు చికిత్సే వద్దనిపిస్తుంది. రెండో పరిస్థితిలో ఉన్నవారిలో చాలామంది డాక్టరుకు కూడా చెప్పకుండా మందు మానేస్తారు. ఎముక విరిగేదాకా ఈ జబ్బు నొప్పి పెట్టదు కనుక మానేసినందువల్ల వెంటనే నష్టమేమీ కనిపించదు. తుంటి ఎముక విరిగిన తరువాత మాత్రం ఆపరేషను, ఆసుపత్రి, నెలల తరబడి ఇంట్లో ఒకరి తోడు, ఇవన్నీ కలిసి చవకైన మందులకు ఏళ్ల తరబడి పెట్టే ఖర్చును ఒక్కసారిగా దాటిపోతాయి. తుంటి విరిగిన వృద్ధుల్లో దాదాపు 5 మందిలో ఒకరు ఏడాది తిరగకుండానే మరణిస్తున్నారన్నది వైద్యులందరూ ఎరిగిన విషయం.

అందుకే ఇక్కడ మందులను ఒక్క డోసు ధరను బట్టి కాక మూడు విషయాలను బట్టి పోలుస్తున్నాను: చికిత్స మొత్తం కాలానికి అయ్యే ఖర్చు, అందులో బీమా ఏ దారిలో ఎంత భరిస్తుందన్నది, డబ్బు లేకో అనుమతి రాకో మధ్యలో ఆపవలసి వస్తే ఎముకకు ఏమవుతుందన్నది. ఈ మూడో విషయాన్ని బీమా కంపెనీ అడగదు, మందుల షాపులో ఎవరూ చెప్పరు. ఎంపికలో అన్నింటికన్నా బరువైనది అదేనని నా నమ్మకం.

ముందుగా తేలవలసింది ముప్పు ఎంత అన్నది

డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష)లో టీ-స్కోరు, అంటే ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి ఎముక సాంద్రత ఎంత తక్కువో చెప్పే అంకె, మైనస్ 2.5 లేదా అంతకు దిగువన ఉంటే బోలు ఎముకల వ్యాధి అనీ, మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక సాంద్రత తగ్గిందనీ చెప్పే కొలత ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఇచ్చినది. బీమా నియమాలు చాలావరకు నేటికీ ఈ అంకె చుట్టూనే తిరుగుతాయి. దీనికి తోడు షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో రూపొంది 2008లో వచ్చిన ఫ్రాక్స్ అనే లెక్క ఉంది. వయసు, బరువు, గతంలో ఎముక విరిగిందా, తల్లిదండ్రుల్లో ఎవరికైనా తుంటి విరిగిందా, పొగతాగే అలవాటు, స్టిరాయిడ్ల వాడకం వంటి వివరాలు ఇస్తే, రాబోయే 10 ఏళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని అది శాతాల్లో చెబుతుంది. స్కాన్ అంకె హద్దుకు కాస్త ఇవతల ఉండి, వయసువల్లా వంశంవల్లా ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఈ శాతమే మందుకు అర్హత తెచ్చిపెట్టవచ్చు.

చాలామంది పట్టించుకోని పరీక్ష మరొకటి ఉంది. వెన్నుపూసలు విరిగినప్పుడు మూడింట రెండు వంతుల సందర్భాల్లో రోగికి ఆ సంగతే తెలియదు. నడుమునొప్పి అనుకుని ఊరుకుంటారు, లేదా ఆ నొప్పి కూడా ఉండదు. యుక్తవయసు నాటి ఎత్తుతో పోలిస్తే 4 సెంటీమీటర్లు తగ్గినవారు, వీపు గూనిగా వంగుతున్నవారు వెన్నెముకను పక్కనుంచి ఎక్స్‌రే తీయించుకోవాలి. అందులో ఒక పూస కుంగినట్లు కనబడితే టీ-స్కోరు ఎంత ఉన్నా ముప్పు అంచనా మారిపోతుంది, ఏ మందుకు అర్హులన్నదీ మారిపోతుంది. ఖరీదైన మందుకు అనుమతి కోరే ముందు ఈ ఎక్స్‌రే చేతిలో ఉండటం ఎంతో మేలు చేస్తుంది.

మాత్రలు: చవక నిజమే, వాడే పద్ధతి కఠినం

అలెండ్రోనేట్ 1995లో అమెరికాలో అనుమతి పొందిన మందు. ఇప్పుడు జెనరిక్ రూపంలో ప్రపంచమంతా దొరుకుతుంది. వారానికి ఒక 70 మిల్లీగ్రాముల మాత్ర చాలు. అప్పటికే వెన్నుపూస విరిగిన మహిళల మీద జరిపి 1996లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, ఇది 3 ఏళ్లలో కొత్తగా వెన్నుపూసలు విరగడాన్నీ తుంటి విరగడాన్నీ దాదాపు సగానికి తగ్గించింది. అదే కుటుంబానికి చెందిన రైసెడ్రోనేట్ కూడా ఈ కోవలోనిదే. నెలకొక మాత్రగా వచ్చే ఐబండ్రోనేట్ సౌకర్యంగా అనిపిస్తుంది కానీ, దాని ప్రధాన పరిశోధనలో వెన్నుపూసలకు రక్షణ రుజువైందే తప్ప తుంటికి కాలేదు. నెలకొకసారి అన్న ఒక్క సౌకర్యం కోసం దానికి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

ఈ మాత్రల అసలు ఇబ్బంది ధరలో లేదు, మింగే పద్ధతిలో ఉంది. ఉదయం లేవగానే, పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగాలి. కాఫీ, టీ, పాలు, పళ్లరసం ఏవీ పనికిరావు. ఆ తరువాత కనీసం అరగంట, ఐబండ్రోనేట్ అయితే గంట, ఏమీ తినకుండా, పడుకోకుండా, నిటారుగా కూర్చునో నిలబడో ఉండాలి. కాల్షియం మాత్రను దానితోపాటు వేసుకుంటే మందు ఒంటికి పట్టనే పట్టదు. అసలే కడుపులోంచి రక్తంలోకి చేరేది మందులో ఒక శాతం కూడా ఉండదు, అదీ పరగడుపున వాడినప్పుడు. టిఫిను తరువాత మింగితే ఆ కాస్తా పోతుంది. ఏడాది పాటు శ్రద్ధగా డబ్బు పెట్టి కొని, రోజూ వేసుకునే ఇతర మాత్రలతో కలిపి మింగి, చివరికి "ఈ మందు నాకు పనిచేయలేదు" అనుకునేవారు ఉన్నారు. అలాంటివారికి ఖరీదైన ఇంజెక్షన్ రాసే ముందు వాడుతున్న పద్ధతిని సరిచూడటం న్యాయం.

బ్రాండు మందుకూ జెనరిక్‌కూ మధ్య ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. నియంత్రణ సంస్థలు ఆమోదించిన జెనరిక్, రక్తంలోకి చేరే పరిమాణం విషయంలో బ్రాండుకు సమానమని పరీక్షల్లో చూపించుకున్నాకే అమ్మకానికి వస్తుంది. అదే మందుకు బ్రాండు ధర చెల్లించడంలో ప్రయోజనం లేదు.

మాత్రలు సరిపడనివారు ఎవరన్నది మాత్రం స్పష్టంగా తెలుసుకోవాలి. అన్నవాహిక ఇరుకైనవారు, మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, అరగంట నిటారుగా కూర్చోలేనివారు, కిడ్నీల వడపోత బాగా తగ్గినవారు (అలెండ్రోనేట్ విషయంలో క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 35 మిల్లీలీటర్లకన్నా తక్కువ) వీటిని వాడకూడదు. ఈ కారణాల్లో ఏది ఉన్నా డాక్టరు నోట్సులో అక్షరాలా రాయించుకోవాలి. బీమా దగ్గర అది ఎందుకు పనికొస్తుందో తరువాత చెబుతాను.

ఏడాదికొక డ్రిప్: తగిన గుర్తింపు రాని మందు

జోలెడ్రోనిక్ ఆమ్లం కూడా అలెండ్రోనేట్ కుటుంబానిదే. దీన్ని కడుపు ద్వారా కాక నేరుగా రక్తనాళంలోకి, ఏడాదికి ఒకసారి 5 మిల్లీగ్రాముల మోతాదులో, కనీసం 15 నిమిషాల పాటు నిదానంగా ఎక్కిస్తారు. 2007లో ప్రచురితమైన హొరైజన్ పరిశోధనలో ఇది 3 ఏళ్లలో వెన్నుపూసలు విరగడాన్ని 70 శాతం, తుంటి విరగడాన్ని 41 శాతం తగ్గించింది. తుంటి విరిగి ఆపరేషను అయినవారి మీద అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో మరణాలు కూడా 28 శాతం తగ్గాయి. కడుపు మంట లేదు, వారం వారం గుర్తుపెట్టుకునే పని లేదు, ఏడాది పాటు మందు ఒంట్లో ఉన్నదన్న నిశ్చింత ఉంది. ఇప్పుడు ఇదీ జెనరిక్‌గా దొరుకుతోంది.

దీని బిల్లును రెండు ముక్కలుగా చూడాలి. ఒకటి మందు సీసా ధర, రెండోది ఎక్కించినందుకు వసూలు చేసే ఛార్జీ. జెనరిక్ వచ్చాక మొదటిది బాగా తగ్గింది. రెండోది మాత్రం ఎక్కడ ఎక్కించుకుంటున్నారన్నదాన్ని బట్టి విపరీతంగా మారుతుంది. పెద్ద ఆసుపత్రి అనుబంధ విభాగంలో అయితే మందు ధరను మించిన ఛార్జీ పడవచ్చు. అదే డ్రిప్ ఒక క్లినిక్‌లోనో విడి ఇన్ఫ్యూజన్ కేంద్రంలోనో ఎక్కిస్తే బిల్లు చెప్పుకోదగినంతగా తగ్గవచ్చు. అందుచేత "ఈ మందు ఎంత?" అని అడిగి ఊరుకోకుండా "మందు, ఎక్కించే ఛార్జీ, ముందు చేయించవలసిన రక్తపరీక్షలు కలిపి మొత్తం ఎంత?" అని రెండు చోట్ల అడగాలి. ఇంకొక చిన్న జాగ్రత్త కూడా ఉంది. ఇదే మందు 4 మిల్లీగ్రాముల మోతాదులో క్యాన్సర్ రోగులకు వేరుగా అమ్ముతారు. కోట్ చేసిన ధర, బీమా అనుమతి, డాక్టరు చీటీ మూడూ 5 మిల్లీగ్రాముల మందుకేనా అన్నది చూసుకోవాలి.

ఖర్చు గురించి బాధపడేవారు డాక్టరుతో తప్పక చర్చించవలసిన పరిశోధన 2018లో న్యూజిలాండ్ నుంచి వచ్చింది. ఎముక సాంద్రత తగ్గిన, 65 ఏళ్లు దాటిన మహిళలకు 18 నెలలకొకసారి చొప్పున 6 ఏళ్లలో 4 సార్లు మాత్రమే ఈ మందు ఇచ్చి చూస్తే, ఎముకలు విరగడం 37 శాతం తగ్గింది. ఈ మందు ఎముకలో ఎక్కువకాలం నిలిచి ఉంటుంది కాబట్టి, ఒక ఏడాది డ్రిప్ కొన్ని నెలలు ఆలస్యమైనంత మాత్రాన రక్షణ ఒక్కసారిగా కూలిపోదు. ఆదాయం నిలకడగా లేనివారికి, బీమా ఎప్పుడు మారుతుందో తెలియనివారికి ఈ గుణం అమూల్యం.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటిసారి ఎక్కించాక 3 రోజుల లోపు జ్వరం, ఒళ్లునొప్పులు దాదాపు మూడో వంతు మందికి వస్తాయి. పారాసిటమాల్‌తో తగ్గుతాయి, రెండోసారి అంతగా ఉండవు. కిడ్నీల వడపోత 35కన్నా తక్కువ ఉన్నవారికి ఇది ఇవ్వరు. విటమిన్-డి లోపం ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, లేకపోతే రక్తంలో కాల్షియం పడిపోతుంది.

ఆరు నెలల సూది: మొదలుపెట్టే ముందే ఆపే దారి తెలియాలి

డెనోసుమాబ్‌ను 60 మిల్లీగ్రాముల మోతాదులో 6 నెలలకొకసారి చర్మం కింద ఇస్తారు. 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. 3 ఏళ్ల పరిశోధనలో వెన్నుపూసలు విరగడం 68 శాతం, తుంటి విరగడం 40 శాతం తగ్గింది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో, మాత్రలూ డ్రిప్పూ పనికిరానప్పుడు, వైద్యులు దీనివైపు చూస్తారు. అయితే కిడ్నీ జబ్బు బాగా ముదిరినవారిలో, ముఖ్యంగా డయాలిసిస్ మీద ఉన్నవారిలో, కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చని అమెరికా నియంత్రణ సంస్థ 2024 జనవరిలో తీవ్ర హెచ్చరిక జోడించింది కాబట్టి వారు నిపుణుల పర్యవేక్షణ లేకుండా దీన్ని తీసుకోకూడదు.

ఈ మందును డబ్బు కోణం నుంచి చూసేటప్పుడు ఒక సంగతిని వేరే ఏ లెక్కకన్నా ముందు పెట్టుకోవాలి. డెనోసుమాబ్ ఎముకలో నిల్వ ఉండదు. సూది ప్రభావం 6 నెలలకు తీరిపోగానే, అప్పటిదాకా అణిగి ఉన్న ఎముక అరుగుదల మునుపటికన్నా వేగంగా మొదలవుతుంది. సంపాదించిన సాంద్రత ఏడాది, రెండేళ్లలో కరిగిపోతుంది. కొందరిలో ఒకటి కాదు, వరుసగా మూడు నాలుగు వెన్నుపూసలు కొద్ది నెలల తేడాలో విరుగుతాయి. అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్నవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అంటే తరువాతి డోసుకు డబ్బు సర్దుబాటు కాకపోవడం, బీమా పునఃఅనుమతి ఆలస్యం కావడం, ఉద్యోగంతోపాటు పాలసీ మారిపోవడం వంటి కాగితాల సమస్యలు ఇక్కడ నేరుగా ఎముక సమస్యలుగా మారతాయి. గడువు తేదీ నుంచి నెలకు మించి ఆలస్యం కానివ్వరాదు.

కాబట్టి డెనోసుమాబ్‌కు ఒప్పుకునే ముందు ఈ విషయాలు తేల్చుకోవడం తప్పనిసరి. కనీసం కొన్నేళ్ల పాటు ప్రతి 6 నెలలకు డోసు అందుతుందన్న భరోసా ఉందా? బీమా అనుమతి ఎంతకాలానికి ఇచ్చారు, పునరుద్ధరణకు ఎన్ని వారాల ముందు దరఖాస్తు చేయాలి? ఏ కారణం చేతనైనా ఆపవలసి వస్తే దాని స్థానంలో ఏ మందు, ఎప్పుడు ఇస్తారు? మూడో ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు, చివరి సూది వేసిన సుమారు 6 నెలలకు జోలెడ్రోనిక్ ఆమ్లం గానీ అలెండ్రోనేట్ గానీ మొదలుపెట్టడం. ఈ జవాబును మొదటి సూదికి ముందే చీటీ మీద రాయించుకోవాలని గట్టిగా చెబుతాను. డెనోసుమాబ్ కొనసాగించలేని స్థితి వచ్చినప్పుడు చవకైన మాత్రకైనా మారడం ప్రాణావసరం. ఏమీ వాడకుండా ఊరుకోవడమే అన్నింటికన్నా చెడ్డ ఎంపిక.

ధర విషయంలో మంచి వార్త బయోసిమిలర్లు, అంటే ఇలాంటి జీవసంబంధ మందులకు వేరే కంపెనీలు తయారుచేసే దాదాపు అలాంటివే అయిన మందులు. డెనోసుమాబ్‌కు అమెరికాలో మొదటి బయోసిమిలర్‌కు 2024 మార్చిలో అనుమతి వచ్చింది, ఆ తరువాత మరికొన్ని వచ్చాయి. ఇవి అసలు మందుతో పోల్చి పరీక్షించినవే. డాక్టరు చీటీలో బ్రాండు పేరు ఒక్కటే ఉంటే, మందు పేరుతో రాసి ఇవ్వమని అడగడంలో తప్పేమీ లేదు. మారినా 6 నెలల తేదీ మాత్రం తప్పకూడదు.

ఎముకను కొత్తగా నిర్మించే మందులు

ఇప్పటిదాకా చెప్పినవి అరుగుదలను ఆపేవి. టెరిపరటైడ్, అబలోపరటైడ్, రోమోసోజుమాబ్ కొత్త ఎముకను కట్టేవి, అన్నింటికన్నా ఖరీదైనవి కూడా. టెరిపరటైడ్‌ను రోజుకొకసారి పెన్ను ఆకారపు ఇంజెక్షన్‌తో ఎవరికి వారే పొడుచుకోవాలి, సాధారణంగా 2 ఏళ్లు దాటి వాడరు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో, వెన్నుపూసలు విరిగిన మహిళల్లో 2 ఏళ్లలో కొత్త వెన్నుపూస విరుగుళ్లు రైసెడ్రోనేట్ వాడినవారిలో 12 శాతం, టెరిపరటైడ్ వాడినవారిలో 5.4 శాతం. రోమోసోజుమాబ్‌కు 2019లో అనుమతి వచ్చింది. నెలకొకసారి చొప్పున 12 నెలలు మాత్రమే ఇస్తారు. గత ఏడాది లోపు గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవారికి ఇవ్వకూడదు.

వీటి ధర సగటు రోగికి అనవసరం. ఇటీవలే వెన్నుపూస విరిగినవారికి, రెండు మూడు చోట్ల విరిగినవారికి, టీ-స్కోరు మైనస్ 3కు కింద ఉన్నవారికి మాత్రం ఈ ఖర్చుకు అర్థం ఉంది. ఎందుకంటే విరిగిన మొదటి రెండేళ్లలోనే మళ్లీ విరిగే ప్రమాదం ఎక్కువ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2023 మార్గదర్శకాలు కూడా చాలామందికి ముందుగా అలెండ్రోనేట్ కుటుంబాన్నీ, అది పనికిరానివారికి డెనోసుమాబ్‌నూ, అతి ఎక్కువ ముప్పు ఉన్న మహిళలకు మాత్రమే ఈ నిర్మాణ మందులనూ సూచించాయి. వీటి కోర్సు పూర్తయ్యాక వెంటనే అరుగుదలను ఆపే మందు వాడాలి, లేకపోతే కట్టిన ఎముక నిలవదు. ఆ తరువాతి మందు ఖర్చు కూడా లెక్కలో వేసుకున్నాకే దీనికి దిగాలి.

రాలోక్సిఫీన్ రోజువారీ మాత్ర. వెన్నుపూసలను కాపాడుతుంది, తుంటిని కాపాడుతుందన్న రుజువు లేదు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, రొమ్ము క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుంది. ముట్లుడిగిన కొత్తల్లో ఉండి, రొమ్ము క్యాన్సర్ భయం ఉన్న కొందరికి ఇది తగును.

బీమా ఏ దారిలో చెల్లిస్తుంది

చాలా బీమా పథకాల్లో మందులకు రెండు వేరు వేరు ఖాతాలు ఉంటాయి. ఇంట్లో ఎవరికి వారే వేసుకునే మందులు, అంటే మాత్రలు, టెరిపరటైడ్ పెన్నులు వంటివి, మందుల షాపు ఖాతా కిందకు వస్తాయి. క్లినిక్‌లో డాక్టరో నర్సో ఇచ్చేవి, అంటే జోలెడ్రోనిక్ డ్రిప్, డెనోసుమాబ్, రోమోసోజుమాబ్, వైద్యసేవల ఖాతా కిందకు రావడం మామూలు. రెండింటికీ రోగి చెల్లించే వాటా, ఏడాదికి ముందుగా భరించవలసిన మొత్తం, గరిష్ఠ పరిమితి వేరుగా ఉండవచ్చు. ఆసుపత్రిలో చేరితేనే చెల్లించే పాలసీ అయితే మాత్రలకు ఏమీ రాదు, కానీ కొన్ని గంటల చికిత్సల జాబితాలో డ్రిప్ ఉందేమో చూడాలి. కాగితం మీద ఖరీదుగా కనిపించే మందు ఒక పాలసీలో చవకపడటం, చవకగా కనిపించే మందు జేబులోంచి పోవడం ఇందువల్లనే జరుగుతాయి. బీమా కంపెనీకి ఫోన్ చేసి ఒక్కో మందుకు విడిగా అడగాలి: మీరు చెల్లించే మందుల జాబితాలో ఉందా, అందులో ఏ ధర శ్రేణిలో ఉంది, ఏ ఖాతా కింద వస్తుంది, ముందస్తు అనుమతి కావాలా, నా వాటా ఎంత? జవాబు ఇచ్చిన తేదీ, ఫోన్ రెఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోవాలి.

చాలా కంపెనీలు పెట్టే నియమం ముందు చవకైన మందు వాడి విఫలమైతేనే ఖరీదైనదానికి అనుమతి ఇస్తామన్నది. ఎక్కువమంది రోగుల విషయంలో ఈ నియమం అన్యాయమేమీ కాదు, వైద్య మార్గదర్శకాలు చెప్పేదీ దాదాపు అదే. కానీ అతి ఎక్కువ ముప్పు ఉన్నవారి విషయంలో ఇది హాని చేయగలదు. నిర్మాణ మందును ముందు వాడి, తరువాత అరుగుదలను ఆపే మందు వాడితే ఎముకకు ఎక్కువ మేలు జరుగుతుంది. వరుసను తిరగేసి డెనోసుమాబ్ నుంచి టెరిపరటైడ్‌కు మార్చినవారిలో ఎముక సాంద్రత కొంతకాలం తగ్గిందని 2015లో వచ్చిన పరిశోధన చూపింది. "ముందు డెనోసుమాబ్ వాడి చూడండి" అన్న ఉత్తరం వస్తే, ఈ కారణాన్ని ప్రస్తావిస్తూ డాక్టరు చేత జవాబు రాయించడం సమంజసం.

తిరస్కరణ ఉత్తరం వచ్చినప్పుడు అందులోని కారణాన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి. తరచుగా కనిపించే వాక్యం "ముందుగా తక్కువ ఖర్చు మందు వాడినట్లు ఆధారం లేదు" అన్నది. దీనికి "గతంలో మాత్రలు వాడారు, పడలేదు" అని ఒక ముక్క రాసి పంపితే మళ్లీ తిరస్కరించడానికి అవకాశం ఇచ్చినట్లే. "అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు వారానికొకటి, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు వాడారు, అన్నవాహికలో పుండు తేలడంతో ఆపారు, ఎండోస్కోపీ నివేదిక జతపరిచాము" అని రాస్తే చదివే అధికారికి నిర్ణయం తీసుకోవడానికి కావలసినవన్నీ దొరుకుతాయి. దానితోపాటు డెక్సా నివేదిక, వెన్నెముక ఎక్స్‌రే నివేదిక, ఫ్రాక్స్ శాతం, కిడ్నీ పరీక్ష ఫలితం, మాత్రలు కొన్న రసీదులు ఉండాలి.

కోడ్‌ల విషయంలోనూ పొరపాట్లు జరుగుతాయి. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో, ఎముక విరుగుడుతో కూడిన బోలు ఎముకల వ్యాధికి ఎం80, విరుగుడు లేనిదానికి ఎం81 అని కోడ్‌లు. ఎక్స్‌రేలో వెన్నుపూస కుంగినట్లు స్పష్టంగా ఉండగా, దరఖాస్తులో ఎం81 ఒక్కటే వేసి, విరుగుడు ప్రస్తావనే లేకపోతే, రోగి తక్కువ ముప్పు వర్గంలోకి జారిపోతారు. దరఖాస్తు నకలు తీసుకుని ఈ ఒక్క గడి చూసుకోవడానికి నిమిషం కూడా పట్టదు.

మొదటి తిరస్కరణతో ఆగిపోనవసరం లేదు. అప్పీలుకు గడువు ఉత్తరంలోనే ఉంటుంది. బీమా కంపెనీ వైద్యుడితో మీ డాక్టరు నేరుగా మాట్లాడే ఏర్పాటు చాలాచోట్ల ఉంది, లోపలి అప్పీలు పోయాక బయటి సంస్థకో అంబుడ్స్‌మన్‌కో వెళ్లే వీలు కూడా ఉంటుంది. డెనోసుమాబ్ వాడుతూ గడువు దగ్గరపడిన రోగి అయితే, ఆలస్యం వల్ల వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉందని రాసి అత్యవసర పరిశీలన కోరాలి.

బీమా లేనప్పుడు, లేదా చాలనప్పుడు

జేబులోంచే చెల్లించవలసినవారికి నా సలహా స్పష్టంగానే ఉంది. కిడ్నీలు, అన్నవాహిక బాగుంటే జెనరిక్ అలెండ్రోనేట్‌తో మొదలుపెట్టండి. వారం వారం నియమం పాటించలేకపోతే, కడుపుకు పడకపోతే, జెనరిక్ జోలెడ్రోనిక్ డ్రిప్ కోసం రెండు మూడు చోట్ల ధర అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఎక్కించే ఛార్జీ తక్కువగా ఉండవచ్చు. డెనోసుమాబ్ తప్పనిసరి అయితే బయోసిమిలర్ అడగండి, వచ్చే డోసుకు డబ్బు ఇప్పటినుంచే పక్కన పెట్టండి. నిర్మాణ మందులు అవసరమైనవారు తయారీ కంపెనీల రోగి సహాయ పథకాల గురించి అడగాలి. వాటికి ఆదాయ ధ్రువీకరణ కావాలి, అనుమతికి వారాలు పట్టవచ్చు, ఏడాదికొకసారి మళ్లీ దరఖాస్తు చేయవలసి రావచ్చు. సహాయం ఎన్ని నెలలకు హామీ ఇచ్చారో, కోర్సు అంతకన్నా పొడవైనదో చూసుకున్నాకే మొదలుపెట్టడం మంచిది.

ఖర్చు తగ్గించుకోగల చోట్లు వేరే ఉన్నాయి. ఎముకల బలానికని అమ్మే ఖరీదైన మిశ్రమాల డబ్బాలు అక్కరలేదు. ఆహారంతో కలిపి రోజుకు సుమారు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం అందేలా లోటు మాత్రమే పూరించుకుంటే చాలు. భోజనంతో వేసుకునే కార్బొనేట్ రకం సాధారణంగా చవక. కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు వాడేవారికి సిట్రేట్ రకం మేలు. డెక్సా స్కాన్ ఏటా చేయించుకోవలసిన పని చాలామందికి లేదు. అంకెలో నమ్మదగిన మార్పు తెలియడానికి రెండేళ్ల ఎడమైనా కావాలి.

చివరగా, ఈ జబ్బుకు జీవితాంతం ఒకే మందు వాడాలన్న నియమం లేదు. మాత్రలు 5 ఏళ్లు, లేదా జోలెడ్రోనిక్ డ్రిప్ 3 ఏళ్లు పూర్తయినవారిలో, తుంటి టీ-స్కోరు మైనస్ 2.5కు పైకి వచ్చి, ఆ మధ్యలో ఎముక ఏదీ విరగకపోతే, కొంతకాలం మందుకు విరామం ఇవ్వడం గురించి డాక్టరు ఆలోచించవచ్చు. ఎముకలో నిలిచిన మందు ఆ విరామంలో రక్షణ ఇస్తూనే ఉంటుంది. చాలా ఏళ్లు వాడినవారిలో అరుదుగా కనిపించే తొడ ఎముక విరుగుడు, దవడ ఎముక సమస్యల ప్రమాదం కూడా తగ్గుతుంది. డెనోసుమాబ్‌కు గానీ నిర్మాణ మందులకు గానీ ఇలాంటి విరామం లేదు. విరామంలో ఉన్నవారు రెండు మూడేళ్లకొకసారి స్కాన్ చేయించుకుని, సాంద్రత తగ్గుతున్నా, కొత్తగా ఎముక విరిగినా మందు మళ్లీ మొదలుపెట్టాలి. ఆ రోజున బీమా కంపెనీ కొత్త దరఖాస్తు అడుగుతుంది కాబట్టి, పాత స్కాన్లు, పాత అనుమతి ఉత్తరాలు, వాడిన మందుల తేదీలు ఒకే ఫైలులో ఉంచుకోవాలి.